నూనె గిన్నెలో ముంచిన నా వేలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ నా వందనాలు. నా పేరు మార్తమ్మ. దేవరకొండకు ఇవతల ఉన్న ఈ పల్లెకే కోడలుగా వచ్చాను, ఈ మందిరం రేకుల షెడ్డుగా ఉన్ననాటి నుంచీ మీ మధ్యలోనే ఉన్నాను, కాబట్టి నన్ను ఎరగనివాళ్లు ఇక్కడ తక్కువ. చాలామంది నన్ను పేరు పెట్టి కూడా పిలవరు, ప్రార్థనమ్మ అంటారు. ఈరోజు ఆ పేరు గురించే చెప్పడానికి నిలబడ్డాను. మధ్యలో ఏడుపు వస్తే కొంచెం ఓర్చుకోండి.

చాలా ఏళ్ల కిందట ఇదే చోట నిలబడి నేను ఒక సాక్ష్యం చెప్పాను, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నాకు నెలల తరబడి కడుపునొప్పి, తిన్నది ఇమడదు, లేచి నాలుగడుగులు వేస్తే కళ్లు తిరిగి పడిపోయేదాన్ని, మీరంతా మూడు రోజులు నా మంచం చుట్టూ కూర్చుని ప్రార్థన చేస్తే నా దేవుడు నన్ను లేపి నిలబెట్టాడు. అది నిజం, సహోదరులారా, ఆ మాట నేను వెనక్కి తీసుకోను, చచ్చేదాకా తీసుకోను! కానీ ఆ సాక్ష్యం చివర్లో నేను ఒక మాట కలిపాను. ఇకమీదట నేనూ నా ఇంటివాళ్లూ దవాఖాన గడప తొక్కము, మాకు దేవుడే డాక్టరు అన్నాను. మీరంతా చప్పట్లు కొట్టారు, హల్లెలూయ అన్నారు, ఆ చప్పట్లు నాకెంత తియ్యగా ఉన్నాయో! ఆ మాట అనమని దేవుడు నన్ను అడగలేదు, పాస్టరయ్య అడగలేదు, నా అంతట నేనే అన్నాను. అసలు సంగతి చెప్పాలంటే మోకాళ్ల నొప్పులకు కిరాణా కొట్టులో గోలీలు కొని, కొంగున ముడి వేసుకుని, ఎవరూ చూడకుండా మింగేదాన్ని. నవ్వండి, నవ్వండి, ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది.

ఆ సాక్ష్యం తర్వాత తల్లులు పిల్లలను ఎత్తుకుని నా దగ్గరికి రావడం మొదలైంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా ఇంటి ముందు రేకుల పంచ కింద వరస కట్టేవాళ్లు, మన విశ్వాసులే కాదు, పక్క తండాల నుంచి కూడా వచ్చేవాళ్లు. పాస్టరయ్య ఒక చిన్న స్టీలు గిన్నెలో పల్లీనూనె పోసి ప్రార్థన చేసి నా చేతికిచ్చి, "మార్తమ్మా, బిడ్డల నుదుటి మీద జరంత రాసి ప్రార్థన చెయ్యి, చాలు" అన్నాడు. చాలు అన్నాడు! నాకే చాలలేదు. ఒకసారి దగ్గి దగ్గి గొంతు బొంగురుపోయిన ఒక పసిపిల్లకు నుదుటి మీద రాసి, వేలికి మిగిలిన నూనెను దాని నాలుక మీద పెట్టాను, ఆ పిల్ల చప్పరించి నవ్వింది, మూడు రోజులకు దగ్గు తగ్గింది. పసివాళ్ల జలుబూ దగ్గూ చాలావరకు వాటంతట అవే తగ్గుతాయని ఇప్పుడు తెలుసు గాని అప్పుడు మాత్రం అదంతా నా వేలి గొప్పతనం అనుకున్నాను. దేవుడు నన్ను క్షమించును గాక! ఆనాటి నుంచి ప్రతి బిడ్డకూ నాలుక మీద చుక్క పెట్టడం నా పద్ధతి అయిపోయింది, పెట్టకపోతే తల్లులే ఊరుకునేవాళ్లు కాదు, "అవ్వా, మా పొల్లగానికి నాలుక మీద పెట్టకపోతివి" అని మళ్లీ వెనక్కి వచ్చేవాళ్లు.

ఇప్పుడు ఆ వరసను ఒక్కసారి కళ్లముందు పెట్టుకోండి. ముందు ఒక బిడ్డ, ముక్కు కారుతుంటుంది, నా కొంగుతోనే తుడుస్తాను, వేలు గిన్నెలో ముంచి నాలుక మీద పెడతాను. ఆ వెనక ఇంకో బిడ్డ, పొద్దున్నే కక్కుకుని వచ్చి ఉంటుంది, అదే కొంగుతో మూతి తుడిచి, అదే వేలు మళ్లీ అదే గిన్నెలో ముంచి ఆ బిడ్డ నాలుక మీద పెడతాను. అలా పదిమంది, పదిహేనుమంది. చివర్లో మా మనవరాలు కృప పాక్కుంటూ వచ్చి నా ఒళ్లో ఎక్కితే, దానికీ ఒక చుక్క.

వానలు ముదిరిన నెల అది. ఊళ్లో పసిపిల్లలందరికీ జలుబులు, కొందరికి ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి గుంజుకుపోయేవి, ఆ వెనకే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒక ఇంట్లో తగ్గితే ఇంకో ఇంట్లో మొదలయ్యేది, తల్లులు భయపడి నా దగ్గరికి ఇంకా ఎక్కువమంది వచ్చేవాళ్లు, నేనూ ఇంకా ఉత్సాహంగా వేలు ముంచేదాన్ని. సాతాను ఊరి మీద పడ్డాడని గట్టిగా ప్రార్థించేదాన్ని. సాతాను ఎక్కడో లేడు తల్లులారా, నా గర్వంలోనే కూర్చున్నాడు.

మన ఊరి ఆశా కార్యకర్త రజియా మీ అందరికీ తెలుసు. మసీదు పక్కన టైలరు కొట్టు వాళ్ల కోడలు. ఈరోజు మన పిలుపు మీద వచ్చి అదిగో, ఆ వెనక వరసలో కూర్చుంది, తలెత్తడం లేదు, సిగ్గరి మనిషి. ఆ అమ్మాయి ఇల్లిల్లూ తిరిగి ఏ బిడ్డకు ఎప్పుడు మొదలైందో రాసుకుంటూ పోతే, దాదాపు అందరూ శుక్రవారం నా వరసలో నిలబడ్డవాళ్లే తేలారు. ఒక శనివారం పొద్దున మా ఇంటికి వచ్చి, పంచలో నిలబడే, ఎంతో మర్యాదగా చెప్పింది.

"పెద్దమ్మా, కోపానికి రావద్దు. నువ్వు ప్రార్థన చేస్తుంటే నేనెందుకు వద్దంట? నా బిడ్డకు జరమొస్తే నేను సుత దువా చేస్త. కాని జర గా నాలుక మీద వేలు పెట్టుడు బంద్ చెయ్యి. ఒక పొల్లగాని నోట్లకెళ్లి ఇంకో పొల్లగాని నోట్లకు పోతాంది రోగం. సబ్బుతోని చేతులు కడుక్కో, నీకు దండం పెడత."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నా చేతులకు ప్రార్థన నూనె అంటింది, నీ సబ్బుతోని నాకేం పని? పో బిడ్డా, పోయి నీ రాతలు నువ్వు రాసుకో. మల్ల నా గడప లోపలికి రాకు" అన్నాను. ఆ అమ్మాయి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. నేను అంతటితో ఆగానా? ఆగలేదు. ఆమెకు మన దేవుడంటే గిట్టదు, మన ప్రార్థనలు చూసి ఓర్వలేక అంటోంది అని ఇక్కడే, ఈ మందిరం అరుగు మీద కూర్చుని నలుగురు ఆడవాళ్లతో చెప్పాను. ఆ మాట అబద్ధం. రజియా, బిడ్డా, నీ ముందరే ఒప్పుకుంటున్నాను, అది పచ్చి అబద్ధం.

ఆ తర్వాతి శుక్రవారం పంతానికి ఇంకా పెద్ద వరస పెట్టించాను. ఆ వరసలోనే మన మందిరానికి వచ్చే పద్మ కొడుకు సన్నీ ఉన్నాడు, ఎనిమిది నెలలవాడు, ఒట్టి జలుబుతో వచ్చాడు. ఆదివారానికి వాడికి వాంతులు మొదలయ్యాయి, నీళ్లలాగ విరేచనాలు. పద్మ పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది, ఆమెకు నా మాట మీద అంత నమ్మకం. నేనేం చెప్పాను? "పాలపండ్లు వస్తున్నయి, గందుకే గట్ల పోతాంది. నీళ్లు, పాలు బంద్ పెట్టు, కడుపు ఆరితే అదే ఆగుతది" అన్నాను. మా అత్తగారు నాకు అదే చెప్పింది, నేనూ అదే చెప్పాను, అంతే. సోమవారం పొద్దున వాడు కళ్లు తేలేస్తే వాళ్ల నాయన ఎత్తుకుని నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. ఇక్కడ నేను ఏమన్నానో తెలుసా? పద్మకు విశ్వాసం చాలలేదు అన్నాను. అక్కడ ఆ బిడ్డ చావుబతుకుల్లో ఉంటే, ఇక్కడ నేను ఆ తల్లి విశ్వాసాన్ని తూకం వేస్తున్నాను, ప్రభువా!

గురువారం పొద్దున మా కృప కక్కింది.

కృపకు అప్పుడు పదకొండు నెలలు. నా కొడుకు దావీదు సెంట్రింగు పనికి హైదరాబాదు పోయి ఉన్నాడు, ఇంట్లో నేనూ, కోడలు రేణుకా, ఈ పసిదీ. మధ్యాహ్నానికి ఎన్నిసార్లు విరేచనం అయిందో లెక్క తప్పింది. రేణుక నా చేతులు పట్టుకుంది, "అత్తమ్మా, దవాఖానకు పోదాం, పిల్ల సోలిపోతాంది" అని. నాకూ భయంగానే ఉంది, నేనేం రాయిని కాను. కానీ నా నోట ఏ మాట వచ్చిందంటే, "రేపు శుక్రారం. ఊరంత మన పంచల ఉంటది. నేనే పిల్లనెత్తుకొని దవాఖానకు ఉరికితే, నా సాక్ష్యం ఏంగావాలె?" అన్నాను. అని, ఇల్లంతా ఉపవాసం అని ప్రకటించాను. ఆ ఉపవాసంలోకి పదకొండు నెలల పసిబిడ్డను కూడా లెక్కేశాను, సహోదరులారా! చుక్క నీళ్లు పోయవద్దు, రొమ్ము ఇవ్వవద్దు అని కోడలికి గట్టిగా చెప్పాను. ఉపవాసమంటే ఆకలి తెలిసినవాళ్లు, తెలిసి మానుకునేది. ఆ పసిదానికి ఏం తెలుసు?

నా కోడలు నా మాట వినలేదు. నేను మోకాళ్ల మీద ఉన్నప్పుడు వంటగదిలోకి పోయి, పైట కప్పుకుని, నాకు తెలియకుండా బిడ్డకు పాలిచ్చింది, రెండుసార్లో మూడుసార్లో. ఈ సంగతి చాలా రోజుల తర్వాత గాని నాకు చెప్పలేదు. ఆ అమ్మాయి అవిధేయత కోసం నేను ప్రతిరోజూ దేవునికి స్తోత్రం చెల్లిస్తాను!

శుక్రవారం తెల్లవారింది. మా పెరట్లో బిడ్డ గుడ్డలు ఆరేసే తీగ ఒకటి ఉంది, పసిబిడ్డ ఉన్న ఇల్లు కదా, పొద్దున లేచేసరికి ఆ తీగ నిండా గుడ్డలు వేలాడుతూ ఉండేవి. ఆ రోజు తీగ ఖాళీగా ఉంది. ముందు రోజు సాయంత్రం నుంచి బిడ్డ ఒక్క గుడ్డ కూడా తడపలేదు. రేణుక ఆ తీగ కింద నిలబడి చూస్తూ ఉండిపోయింది. లోపల మంచం మీద కృప, కళ్లు గుంటలు పడ్డాయి, పెదవులు పొక్కిపోయాయి, ఏడవడానికి మొహం పెడుతుంది గాని గొంతు రాదు, కంట్లో నీటి చుక్క రాదు. పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే అది ముడత పడి అలాగే నిలబడింది.

మధ్యాహ్నమైంది. బయట పంచలో తల్లుల గొంతులు వినిపిస్తున్నాయి, వరస మొదలైంది, "ప్రార్థనమ్మ ఇంక బయటికి రాలేదేంది" అని ఎవరో అంటున్నారు. నేను తలుపు దగ్గరకు వేసి, మంచం పక్కన మోకాళ్లూని, రెండు చేతులూ ఎత్తి ఏడుస్తూ ప్రార్థించాను. ఆ ప్రార్థన నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ప్రభువా, బయట జనం నిలబడ్డరు తండ్రీ. నన్ను సిగ్గుపడనియ్యకు. నలుగురిలో చెప్పిన నా సాక్ష్యాన్ని నిలబెట్టు. నన్ను నవ్వులపాలు చెయ్యకు తండ్రీ, నా మాట పోనియ్యకు!"

వెనక నుంచి రేణుక గొంతు వినిపించింది. అరవలేదు ఆ అమ్మాయి, అరిచే ఓపిక కూడా లేదు.

"అత్తమ్మా, ఇంతసేపు ప్రార్థన చేస్తివి. నా బిడ్డ పేరు సుత తీయకపోతివి."

సహోదరులారా, ఆ మాట నా చెవిలో పడింది. నిజమే! నా సాక్ష్యం అన్నాను, నా మాట అన్నాను, నా సిగ్గు అన్నాను, కృప అన్న పేరు నా నోట రాలేదు. చావబోతున్న బిడ్డ పక్కన మోకాళ్లూని నేను నా పేరు కోసం ప్రార్థిస్తున్నాను! ఇన్నేళ్లు ప్రార్థన చేశాను, ప్రార్థనమ్మ అనిపించుకున్నాను, నా ప్రార్థనలో ఏముందో ఆ గడియలో గాని నాకు కనబడలేదు. ప్రభువు నాతో ఆకాశం నుంచి మాట్లాడలేదు, నా కోడలి నోటితో మాట్లాడాడు, ఇది నా విశ్వాసం. నేలకు తల ఆనించి ఇంతే అన్నాను, "ప్రభువా, కృపను బతికించు. నా పేరు పోతే పోనియ్యి. కృపను బతికించు తండ్రీ." అంతకంటే పెద్ద ప్రార్థన నాకు రాలేదు.

లేచి తలుపు తీశాను. పంచ నిండా తల్లులు, చంకల్లో పిల్లలు, అందరి కళ్లూ నా మీదే. ఆ జనం వెనక, మా ప్రహరీ గోడ అవతల, రజియా నిలబడి ఉంది. రేణుక పొద్దున పక్కింటి పిల్లతో ఆమెకు కబురు పంపిందట, నేను గడప లోపలికి రావద్దన్నాను కదా, అందుకని గోడ అవతలే ఎండలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో! అంతమంది ముందు నోరు తెరిచి పిలవడం నాకు ఎంత కష్టమైందో ఆ దేవునికే తెలుసు. "బిడ్డా రజియా, లోపలికి రా. నా మనవరాలు పోతాంది" అన్నాను. అని అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆ అమ్మాయి లోపలికి వచ్చిన వెంటనే బిడ్డను ముట్టుకోలేదు. ముందు మా నీళ్ల తొట్టి దగ్గరికి పోయింది, సంచిలోంచి సబ్బు తీసింది, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, మణికట్టు దాకా రుద్దుతోంది. నాకు ప్రాణం ఆగలేదు, "జల్ది రా బిడ్డా, చేతులు తర్వాత కడుక్కోవచ్చు" అన్నాను. "చేతులు కడగంది పిల్లను ముట్ట పెద్దమ్మా, ఇంకో మూడిండ్లు తిరిగి వచ్చిన" అంది.

అంబులెన్సుకు ఫోను చేసింది. అది వచ్చేలోపల, రేణుక కాచి చల్లార్చి పెట్టుకున్న నీళ్లు ఒక లీటరు కొలిచి, ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మొత్తం అందులో కలిపి, చెంచాతో ఒక్కో గుక్క పోయడం మొదలుపెట్టింది. బిడ్డ కక్కింది. నేను "చూసినవా, ఇమడ్తలేదు" అన్నాను. "కక్కనియ్యి. పది నిమిషాలు ఆగి మల్ల పోద్దాం, ఇంకా మెల్లగ" అంది. మళ్లీ పోసింది. ఆ చెంచా నా చేతికిచ్చే ముందు నన్ను కూడా తొట్టి దగ్గరికి పంపింది. సబ్బు నురగలో నా చేతులు నేను చూసుకున్నాను, గోళ్ల సందుల్లో పాత నూనె జిడ్డు నల్లగా ఉంది, ఎంత రుద్దినా ఒక పట్టాన పోలేదు.

దేవరకొండ దాకా బండిలో చెంచా చెంచాకూ ఒక్కసారి "కృపను బతికించు" అనుకుంటూ పోశాను. దవాఖాన గడప దగ్గర ఒక్క క్షణం నా కాలు ఆగింది, ఇదిగో, ఇక తొక్కుతున్నాను అనుకున్నాను, తొక్కాను. లోపల ఉన్న డాక్టరమ్మ వయసులో నా కొడుకు కంటే చిన్నది. బిడ్డ చేతికి నరం దొరకలేదు, నర్సమ్మ ఓపికగా వెతికి వెతికి కాలికి సూది పెట్టి సెలైన్ ఎక్కించింది. "నీళ్లు ఎందుకు ఆపిండ్రు?" అని డాక్టరమ్మ అడిగింది. రేణుక నా మొహం చూసింది, నన్ను కాపాడాలని ఏదో చెప్పబోయింది, నేను అడ్డుపడి "నేనే ఆపిన డాక్టరమ్మా" అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. నిదానంగా చెప్పింది, ఈ వాంతులూ విరేచనాలూ కంటికి కనబడని వైరసు వల్ల వస్తాయనీ, చాలావరకు దానంతట అదే తగ్గుతుందనీ, అది తగ్గేలోపల ఒంట్లోంచి పోయిన నీళ్లు పోయినట్టు తిరిగి లోపలికి పోకపోతేనే పసిబిడ్డ ప్రాణం మీదికి వస్తుందనీ, తల్లిపాలు ఎట్టి పరిస్థితిలోనూ ఆపవద్దనీ. పండ్లు వచ్చినందుకు ఇలా అవదు అంది. "ఎట్లొస్తదమ్మా గీ వైరసు?" అని అడిగాను. "ఎక్కువగా చేతుల నుంచి నోటికి" అంది. నేను నా కుడిచేతి చూపుడువేలు కొంగులో దాచుకున్నాను.

సాయంత్రం దాకా బిడ్డ ఒళ్లో కదలకుండా పడి ఉంది. నేను ప్రార్థిస్తూనే ఉన్నాను, అవతలి మంచం మీద ఎవరి బిడ్డో ఊపిరికి ఎగపోస్తుంటే ఆ బిడ్డ కోసం కూడా ప్రార్థించాను, చెయ్యి మాత్రం వేయలేదు. లైట్లు వేసే వేళకు నా ఒళ్లో వెచ్చగా తగిలింది. ఏంటా అని చూస్తే నా చీర తడిసింది. కృప ఉచ్చ పోసింది! నిన్నటి సాయంత్రం నుంచి చుక్క లేని బిడ్డ నా చీరంతా తడిపింది! "రేణుకా, పోసింది! రేణుకా, పోసిందే!" అని నేను వార్డంతా వినబడేలా అరిచాను, నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది, ఏమైందోనని. ఆ తడి చీరతోనే నేల మీద మోకాళ్లూని దేవుణ్ణి స్తుతించాను. ఎన్నో పెద్ద పెద్ద కూడికల్లో స్తుతించాను గాని, ఆ రోజు స్తుతించినట్టు ఎన్నడూ స్తుతించలేదు. దేవునికే మహిమ! కాసేపటికి బిడ్డ ఏడ్చింది, కంట్లోంచి నీళ్లు కారాయి. మనవరాలి కన్నీళ్లు చూసి సంతోషపడిన నానమ్మను నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నాలుగో రోజు ఇంటికి వచ్చాం. పద్నాలుగు రోజులు వేయమని జింకు గోలీలు ఇచ్చారు, ఒక్కటీ తప్పకుండా అందరూ చూస్తుండగా నీళ్లలో కరిగించి తాగించాను. పాస్టరయ్య దగ్గరికి పోయి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. "నుదుటికని ఇచ్చిన నూనె నోటికి పోతుంటే నేను సుత చూడకపోతిని మార్తమ్మా, నాది సుత తప్పే" అని ఆయన కళ్లు తుడుచుకున్నాడు. మందిరం గుమ్మం దగ్గర కుళాయి ఉన్న ఆ నీళ్ల డ్రమ్మూ సబ్బూ అప్పుడు వచ్చినవే, ఈ పొద్దు మీరంతా చేతులు కడుక్కునే లోపలికి వచ్చారు. తర్వాతి శుక్రవారం తల్లులు వచ్చినప్పుడు గిన్నె బోర్లించి పెట్టి, నిజం చెప్పాను, మీ పిల్లలకు రోగం నా వేలితోనే అంటింది అన్నాను. కొందరు ఏడ్చారు, కొందరు కోపంతో తిట్టి వెళ్లిపోయారు, ఇంకొందరైతే "అవ్వకు విశ్వాసం తగ్గింది" అన్నారు. అన్నీ పడ్డాను, పడవలసిందే.

అన్నిటికంటే కష్టం పద్మ ఇంటికి పోవడం. సన్నీ ఆరు రోజులు నల్లగొండలో ఉండి బతికి ఇంటికి వచ్చాడు, దేవునికి స్తోత్రం, కానీ పద్మ చాన్నాళ్లు మందిరం వైపు చూడలేదు. రెండుసార్లు ఆ వీధి మలుపు దాకా పోయి తిరిగి వచ్చేశాను. మూడోసారి పోయాను. ఆ అమ్మాయి వాకిట్లో బియ్యం చెరుగుతోంది, నన్ను చూసి లేవలేదు, రమ్మని అనలేదు. నేను నిలబడే చెప్పాను, "పద్మా, నీ కొడుక్కు రోగం అంటించింది నేనే. నీళ్లు బంద్ పెట్టమని చెప్పి సంపబోయింది సుత నేనే. నీ విశ్వాసం తక్కువ అని ఊర్లో చెప్పింది నేనే. నన్ను క్షమించమని అడిగే మొహం సుత నాకు లేదు బిడ్డా." పద్మ చాట కింద పెట్టింది. చాలాసేపు ఏడ్చింది, నేనూ ఏడ్చాను, దగ్గరికి పోవడానికి నాకు ధైర్యం లేదు. సన్నీ లోపలి నుంచి పాక్కుంటూ గడప దాకా వచ్చి, నన్ను చూసి, ఎత్తుకోమని చేతులు చాపాడు. పసివాడు, వాడికేం తెలుసు! నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

పద్మ కళ్లు తుడుచుకుని, లేచి పోయి, ఒక చెంబుతో నీళ్లూ ఒక సబ్బుబిళ్లా తెచ్చి నా ముందు పెట్టింది.

"ముందుగాల చేతులు కడుక్కో పెద్దమ్మా. కడుక్కొని ఎత్తుకో."

నా జీవితంలో నేను పొందిన క్షమాపణ అదే, సహోదరులారా. ఆమే నీళ్లు వంచింది, నేను కడుక్కున్నాను, వాణ్ణి ఎత్తుకున్నాను. వాడు ఇప్పుడు ఆ మూడో వరసలో తల్లి ఒళ్లో కూర్చుని, నా మాటలు పట్టించుకోకుండా బిస్కెట్టు తింటున్నాడు. మా కృప ఆ పక్కనే ఉంది, ఆ బిస్కెట్టు కోసం చూస్తోంది.

కాబట్టి ఇంతకుముందు నేనిచ్చిన సాక్ష్యంలో సగం ఈరోజు వెనక్కి తీసుకుంటున్నాను. దేవుడు నన్ను కడుపునొప్పి నుంచి లేపాడన్న సగం అలాగే ఉండనివ్వండి. దవాఖాన గడప తొక్కనన్న సగం కొట్టివేయండి. దేవుడు నన్ను ఒక రోగం నుంచి ఒకసారి విడిపించాడు, నా పేరు మీద నాకున్న పిచ్చి నుంచి ఇంకోసారి విడిపించాడు, ఈ రెండోదే నాకు పెద్ద విడుదల. ఆయన డాక్టరమ్మ చేతిలో ఉన్నాడు, నర్సమ్మ ఓపికలో ఉన్నాడు, గోడ అవతల ఎండలో నిలబడిన రజియాలో ఉన్నాడు, నా మాట వినని నా కోడలిలో ఉన్నాడు. ఇంతమందిని పంపి నా తలుపు కొట్టిన దేవుణ్ణి నమ్మకుండా ఎలా ఉంటాను?

తల్లులారా, మీ ఇంట్లో పసిబిడ్డకు వాంతులు పట్టుకున్నా, ఊపిరికి ఎగపోస్తున్నా, సిగ్గుపడవద్దు, ఎవరేమంటారో అని ఆగవద్దు. ప్రార్థించండి, బిడ్డ పేరు పెట్టి ప్రార్థించండి, రొమ్ము ఆపకండి, కక్కేబిడ్డకు చెంచా చెంచాగా ఓఆర్ఎస్ నీళ్లు పోయండి, రజియాకు చెప్పండి, దవాఖానకు బయలుదేరండి. ఏ వేళకైనా నన్ను పిలవండి, మీ బండిలో మీ పక్కన కూర్చుని దారి పొడుగునా ప్రార్థన చేస్తూ వస్తాను. ఈ మార్తమ్మను కనికరించిన దేవుడు మిమ్మల్ని కనికరించడా? ఆయన మీద భారం వేయండి. సబ్బు మాత్రం నా కొంగునే కట్టుకుని తెస్తాను, ఇప్పుడు ఆ ముడిలో గోలీలు లేవు.